పూడ్చని మగ్గం గుంట

దయ్యం ఉన్నదని ఎవరన్న చెప్తే, ఏడుంది, పా చూద్దాం అనే రకం నేను. మా గద్వాల వీధిల ఒక పాడువడ్డ ఇంట్ల గజ్జెల సప్పుడు వస్తదని అందరు జడుసుకుంటుంటే, పోయి చూరుకు వేలాడుతున్న ఇనుప గొలుసును తెంపుకొచ్చి నడి బజార్ల పడేసిన. "ఇగో మీ దయ్యం" అన్న. అప్పట్నుంచి మా అమ్మ నన్ను మొండోడు అంటుండె. మొండోన్నే, ఏం తప్పు? నేత పని చేసేటోనికి చేతికి తగిలిందే నిజం. పోగు తెగితే తెగినట్టు, అతుకుతే అతికినట్టు.

అసొంటి నాకు కృష్ణ నీళ్ళ నడుమ, పట్టపగలు జరిగింది చెప్తున్న. నమ్ముతే నమ్మండి, లేకుంటే ఇడిసిపెట్టండి. ఎవరినీ ఒప్పియ్యనీకి చెప్తలేను.

ఎనభైల చివర్ల మాట. మాయి గుంట మగ్గాలు. నేల తవ్వి, ఆ గుంటల కాళ్ళు పెట్టి కూసోని నేస్తం. వానకాలం ముసురు పట్టిందంటే గుంటల నీళ్ళు ఊరుతయి, పోగులు చెమ్మ పట్టి పటపట తెగుతయి. ఇగ పని బంద్. మొగోళ్ళు ఇంట్ల కూసుంటే ఆడోళ్ళకు పరేషాన్. అసొంటి ఒక ముసురుల మా బావ వచ్చి "చేపలకు పోదామా బామ్మర్ది" అన్నడు.

బావంటే మా అక్క మొగుడు. కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డు ఊరు ఆయనది. శ్రీశైలం డ్యాం నీళ్ళు వచ్చి ఆ ఊరు మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసినప్పుడు బావ, వాళ్ళమ్మ గద్వాలకు వచ్చి మా వీధిలనే ఇల్లు తీసుకున్నరు. మా అక్కను ఇచ్చింది ఆ తర్వాతనే. బావ వాళ్ళ నాయిన ఊరు మునగక ముందే కాలం చేసిండు. నాకు మామ వరుస అయితడు గని నేను ఆయన్ను కండ్ల చూడలే.

ఊరు ఇడిసేటప్పుడు మగ్గం కట్టెలు బండిల ఏసుకొచ్చుకున్నరు. గుంటను ఎట్ల తెచ్చుకుంటరు? అది ఆన్నే ఉండిపోయింది.

మా ఇండ్లల్ల ఒక పట్టింపు ఉంది. మగ్గం ఎత్తేస్తే ఆ గుంటను ఉత్తగ ఇడిసిపెట్టొద్దు. పసుపు కుంకుమ పెట్టి, మొక్కి, మన్నుతోని పూడ్చాలె. నోరు తెరిచిన గుంటను ఇడిసిపోతే ఆ ఇంటోళ్ళ చేతికి పని నిలువదంటరు. ఊరు ఖాళీ చేసే ఆగమాగంల బావ ఆ పని చెయ్యలే. బతికినన్ని రోజులు వాళ్ళమ్మ ఆయన్ను పొడుస్తనే ఉండె. "మీ నాయిన గుంటను నోరు తెరిచి ఇడిసొచ్చినవు కదరా కొడకా" అని. ఆ ఎండకాలం పానం పోయేటప్పుడు గూడ బావ చెయ్యి పట్టుకోని అదే మాట. పూడుస్తనమ్మా అని బావ మాటిచ్చిండు.

గప్పటి సంది బావ చెయ్యి పట్టు తప్పింది. జబ్బు కాదు, దవాఖానల చూపిస్తే ఏం లేదన్నరు. కని మగ్గం మీద కూసుంటే చెయ్యి వణుకుతుండె, అంచు వంకర పోతుండె. పట్టు అంచు వంకర పోతే ఆ చీర ఎవరు కట్టుకుంటరు? అక్క నా దగ్గర కొంగు నోట్ల పెట్టుకోని ఏడ్చింది. "మీ బావ నేత మరిచిపోతుండు తమ్మీ. ఇద్దరు పిల్లలు, మాకు ఇంకో పని రాదు" అన్నది.

అందుకే చేపలనేది సాకని నాకు తెల్సు. బావ సంచిల తెల్లగుడ్డ మూట చూసిన. ఇంట్ల మగ్గం గుంట కాడి మన్ను అది.

"ఏం బావా, పిడికెడు మన్నుతోని డ్యాం మొత్తం పూడుస్తవా?" అని ఎక్కిరించిన. నవ్వలే. నాకే నోట్ల మన్ను పడ్డట్టు అయ్యింది.

పెబ్బేరుల ఆ రోజు సంత. రోడ్డు మీద ఎడ్లే ఎడ్లు, బస్సు కదలదు. ఎట్లనో కొల్లాపూర్ చేరి, ఆన్నుంచి సోమశిల ఒడ్డుకు పోయేటాలకు పొద్దు వాలింది. బావ చిన్నప్పటి దోస్తు నర్సింలు ఆడ ఎదురుచూస్తుండు. చేపలు పట్టేటోడు, నోరు పెద్దది. "నా వల చూస్తే చేపలే సలాం కొడ్తయి" అంటడు. ఆయన పుట్టిలనే మేం ఎక్కినం. పుట్టంటే వెదురు బద్దలతోని అల్లిన పెద్ద గుండ్రటి గంప, అడుగున తారు పూస్తరు. గంపల కూసోని నది మీద పోవుడేందిరా దేవుడా అనుకున్న.

ఊర్లకు దూరంగ ఒక గుట్ట కింద తాడిపత్రి గుడ్డ డేరా లెక్క కట్టుకోని ఉన్నం. మొదలు మంచిగనే నడిచింది. నర్సింలు చెప్పింది ఉత్త డాంబికం కాదు, వల నిండ బొచ్చెలు, జెల్లలు. రాళ్ళ పొయ్యి మీద పులుసు, ఇంటికాన్నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు. అసొంటి చేపల పులుసు నేను మళ్ళ తినలే. తెల్లారి వాన దంచి కొట్టింది. పొయ్యి ఆరిపోయింది, కట్టెలు నానిపోయినయి, రొట్టెలకు చీమలు పట్టినయి. సగం ఉడికిన చేపను నర్సింలు నమిలి "ఇదే బలం" అన్నడు. బావ పకపక నవ్విండు. వాళ్ళమ్మ పోయినాక ఆయన నవ్వంగ చూసుడు అదే మొదలు. మన్ను సంగతి మరిచిపోయిండేమో అనుకున్న.

మరువలే. ఊరు మునిగిన కాడికి తోలుకపొమ్మని నర్సింలును అడిగిండు. నర్సింలు చేతులు జోడించిండు.

"ఆడ గోడలకు వల చిక్కుకుంటదిరా. గాలి లేస్తే పుట్టిని పట్టుకునే దిక్కుండదు. నేను రాను, మీరు పోవద్దు."

మర్నాడు ఆయన చేపలు అమ్మనీకి కొల్లాపూర్ పోయిండు. పోయే ముందు పుట్టి ముట్టొద్దని రెండుసార్లు చెప్పిండు. ఆయన మలుపు తిరిగిండో లేదో, బావ మన్ను మూట నడుముకు కట్టుకోని పుట్టిని నీళ్ళల్లకు దొబ్బిండు. ఒక్కన్ని ఎట్ల పంపుత? నేను ఎక్కిన.

పుట్టి నడిపేటోడు ముందట కూసోని తెడ్డుతోని నీళ్ళను తన దిక్కు గుంజుకోవాలె. అది మాకేం తెల్సు? కుప్పడం చీర నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు కూసున్నట్టు పక్కపక్కన కూసోని, చెరొక తెడ్డు పట్టుకోని, ఇద్దరం ఒక్క ఊపుల లాగినం. నా పక్క బలం ఎక్కువ, బావ పక్క తక్కువ. పుట్టి గిర్రున తిరిగింది. నేను జోరు పెంచిన, ఇంకా తిరిగింది. మగ్గం మీద తప్ప ఇంకేడ కూసోవాల్నో తెల్వని మనుషులం. నవ్వుకుంటనే, తిరుక్కుంటనే, ఏ పుణ్యమో నది నడిమిట్ల, ఊరు మునిగిన దిక్కుకు పడ్డం.

గప్పుడు గాలి లేచింది. గుట్టలు కనవడకుండ వాన తెర దిగింది. ఒడ్డు ఏ దిక్కో తెల్వదు. అలలు ఎత్తి కొడుతున్నయి, పుట్టి ఒక పక్కకు ఒరుగుతుంది, మోకాళ్ళ దాక నీళ్ళు వచ్చినయి. నా తెడ్డు చేతిలకెల్లి జారి కొట్టుకపోయింది. పుట్టిల పడున్న పులుసు గిన్నెతోని నీళ్ళు తోడుతుంటే అక్క మొకమే కండ్ల ముందట ఆడింది. ఒక్క ఇంట్ల ఇద్దరం పోతున్నం, దాని బతుకు ఏం గావాలె అనుకున్న. నేను ఏడ్చిన. చెప్పుకోనీకి నాకు సిగ్గేం లేదు.

అప్పుడు సప్పుడు మొదలైంది.

మొదలు నేను చెవులతోని వినలే, అరికాళ్ళతోని విన్న. పుట్టి అడుగు కెల్లి వచ్చింది. దెబ్బ, జర ఆగుడు, దెబ్బ. మగ్గం సప్పుడు నేను తప్పు పట్టుకోను, చిన్నప్పటి సంది అదే విన్న. అది ఉత్త మగ్గం గాదు, కుప్పడం మగ్గం. కుప్పడానికి నడుమ నూలు, రెండు పక్కల పట్టు అంచు ఉంటయి. పోగును ఇటటు తీసుకపోయే నాడెలు మూడు ఆడాలె. నడిమి నాడె పోయి అంచు పోగుతోని ముడివడి వస్తది. అందుకే ప్రతిసారి జర ఆగినాకనే దెబ్బ పడ్తది. ఆ ఆగుడు తెల్సినోడు నిద్రల గూడ గుర్తుపడ్తడు.

ఇంకొకటి గూడ ఉండె. కొన్ని దెబ్బలైనాక నాడెను కట్టెకేసి రెండుసార్లు కొట్టినట్టు, టక్ టక్. మా వీధిల ఎవరూ అట్ల కొట్టరు. నేను నీళ్ళు తోడుడు బంద్ చేసి, నాకు తెల్వకుండనే పుట్టి అంచు మీద వేళ్ళతోని ఆ దెబ్బలు కొడుతున్న. ఆ రెండు టక్ టక్‌లు గూడ కొట్టిన.

బావ నా వేళ్ళ దిక్కు చూసిండు.

"నీకు గూడ ఇనవడుతుందా?" అన్నడు. "అది మా నాయిన అలవాటు."

నేను ఆయన్ను చూసినోన్ని గాదు, ఆయన నేసంగ విన్నోన్ని గాదు. ఆ అలవాటు గురించి అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలే.

అప్పుడు నీళ్ళ దిక్కు చూసిన. మా చుట్టు కొంత దూరంల అలలు లేస్తనే ఉన్నయి, గాలి ఊళ పెడ్తనే ఉంది. పుట్టి ఉన్న కాడ మాత్రం నీళ్ళు చదునుగ ఉన్నయి, పరిచిన చీర లెక్క. పుట్టి తిరుగుడు బంద్ అయ్యింది. మేం తెడ్డు ఏస్తలేం, లంగరు లేదు. ఉన్న కాన్నే నిలబడింది. నాకు భయం పోయింది. ఏమైతదో అనే పరేషాన్ గూడ పోయింది. పెద్దోళ్ళు పని చేసుకుంటుంటే పక్కన కూసున్న పిల్లగాని లెక్క కూసున్న. అంత పెద్ద నీళ్ళ కింద, అంత నిమ్మళంగ, ఎవరో తన పని తాను చేసుకుంటుండు.  చేతులు వాటంతటవే జోడించుకున్నయి.

వాన తెర లేచేదాక ఆ సప్పుడు ఉంది. గుట్టలు కనవడంగనే ఆగిపోయింది. కొల్లాపూర్ నుంచి మర్లొచ్చిన నర్సింలు ఒడ్డుకెల్లి అరుస్తుండు. ఇంకొక పుట్టిల వచ్చి తాడు కట్టి మమ్మల్ని గుంజుకపోయిండు. ఒడ్డు ఎక్కినాక తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి, ఆఖర్ల గొంతు తగ్గించి అడిగిండు. "గుట్ట మీదికెల్లి చూసిన. వాన సన్నగిల్లినప్పుడల్ల కనవడ్డరు. అంత గాలిల ఒక్కకాన్నే ఎట్ల నిలబడ్డర్రా? లంగరు ఏడిది?" నేను బావ దిక్కు చూసిన. బావ నడుముకు మన్ను మూట అట్లనే ఉంది. పొయ్యనేలే, యాదికే లేదు.

గద్వాల వచ్చినాక ముసురు ఇడిసింది. బావ మగ్గం ఎక్కిండు. చెయ్యి వణకలే. అంచు దారం పట్టి గీసినట్టు వచ్చింది. అక్క నన్ను పక్కకు పిలిచి "ఏం మందు పెట్టినవురా" అంటే, చేపల పులుసు అని చెప్పిన.

కని బావకు మాట బాకీ ఉంది కద. ఒక ఎండకాలం నీళ్ళు బాగ లోపలికి పోయినయి. మునిగిన ఊరు బయటపడ్డదని నర్సింలు కబురు పంపిండు. మన్ను మూట, పసుపు, కుంకుమ పట్టుకోని పోయినం.

ఊరంత ఒండ్రు మట్టి. గోడలు మొండాలుగ ఉన్నయి, బాయి అంచు దాక పూడిపోయింది. రోళ్ళు, గడపలు అన్ని మట్టి కిందనే. బావ నడిచి నడిచి ఒక గోడ దాటి నిలబడ్డడు. నేను, నర్సింలు ఎనకనే పోయినం.

గుంట ఖాళీగ ఉంది.

చిప్పెడు ఒండ్రు గూడ లేదు. పొద్దుగాల ఊడ్చినట్టు ఉంది. కూసునే అంచు, కాలు ఆడే చోటు, ఇప్పుడే ఎవరో దిగి పోయినట్టు నునుపుగ ఉన్నయి. సుడి తిరిగి ఆ ఒక్కకాడ మట్టి కొట్టుకపోయి ఉంటదని నర్సింలు అన్నడు. ఉండొచ్చు. అంత పెద్ద బాయి పూడింది, ఈ గుంట పూడలే. నేను గూడ చానా ఆలోచించిన. ఆ రోజు ఇనవడ్డది అవతలి ఒడ్డు మోటరు సప్పుడేమో అనుకున్న, భయానికి కొట్టుకునే గుండె సప్పుడేమో అనుకున్న. మోటరు అంచు పోగు కోసం ఆగదు. గుండెకు మూడు నాడెలుండవు.

బావ గుంట అంచున కూసున్నడు, కాళ్ళు లోపల పెట్టిండు. పసుపు పెట్టిండు, కుంకుమ పెట్టిండు. మొక్కిండు.  మూట ఇప్పనే లేదు.

"పొయ్యి బావా. అమ్మకు మాటిచ్చినవు" అన్న.

తల ఎత్తి నన్ను చూసిండు. కండ్లల్ల నీళ్ళు, మొకంల నవ్వు.

"పని నడుస్తున్న గుంటను ఎవడన్న పూడుస్తడా, బామ్మర్ది?"

  దయ్యాలున్నయా అంటే ఇయ్యాల గూడ లేవనే చెప్త. మరి అదేంది అంటే తెల్వదు.

మగ్గం కాడికి మేం చెప్పులతోని పోం. కిందికి చూసుకుంటే నా కాళ్ళకు చెప్పులు లేవు. ఆ గోడ అవతల్నే ఇడిసొచ్చిన. ఎప్పుడు ఇడిసిన్నో నాకు యాదికి లేదు.