కడిగి ఇచ్చిన ఫోన్

ఏలూరులో పాత ఫోన్లు తీసుకునే కేంద్రం ఉందని తెలిసి, పాప స్నానం ఫొటోలు చెరిపేశాక ఇద్దామని నా పాత ఫోన్ అలమరలో ఉంచాను. ఓ సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు కొత్త టబ్బులో పాపకు నీళ్లు పోస్తున్నారు.

“పాత ఫోన్లకు టబ్బులిచ్చే అతను వచ్చాడమ్మా, నీది ఇచ్చేశాను.”

ఆ ఫొటోలు ఎవరి కంటపడతాయోనని భయమేసింది. పాపను టబ్బులోంచి తీసి ఆవిడ చేతికిచ్చి, టబ్బుతో స్కూటీ మీద వెళ్లి వీధి చివర అతణ్ని పట్టుకున్నాను. టబ్బు ఇచ్చి ఫోన్ తీసుకుంటే అందులోంచి నీళ్లు కారాయి.

“ఎవరికైనా గిన్నె కడగకుండా ఇస్తామా? దీన్నీ సబ్బుతో తోమే ఇచ్చాను,” అన్నారు అత్తయ్యగారు, ఇంటికొచ్చి అడిగితే.

అది మళ్లీ వెలగలేదు. మర్నాడు కేంద్రంలో అమ్మాయి “లోపలివన్నీ చెరిపేశారా అండీ?” అంది.

“మా అత్తయ్యగారు కడిగేశారండీ.”

అయినా నా భయం నాది. ఫొటోలుండే చిప్పును నా ఎదుటే ముక్కలు చేయించాకే కదిలాను. దారిలో అత్తయ్యగారికి అలాంటి టబ్బే కొన్నాను.