రెండో రిమోట్

నిన్న కర్నూలులో ఒక షాపులో మా అబ్బాయి రెండు గేమ్ బాక్సులు పక్కపక్కన పెట్టించి ధర, మెమరీ, ఆటలు పోలుస్తుంటే, నాకు చిన్నప్పుడు కడపలో మా పక్కింట్లో ఉండిన యూసఫ్ గుర్తొచ్చాడు.

వాళ్ల నాన్న కువైట్ నుంచి ఖరీదైన గేమ్ పంపాడు. సీడీ వేస్తే బొమ్మలు సినిమాలో లాగా కదిలేవి. నాది బజార్లో కొన్న చవక క్యాసెట్ గేమ్. దాని మీద లక్ష ఆటలని రాసి ఉండేది కానీ, పది ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

"నీ సీడీలో ఒకటే ఆట. నా దాంట్లో లక్ష ఉండాయి. మార్చుకుందామా?" అన్నాను, వేసవి సెలవులివ్వగానే. యూసఫ్ వెంటనే సరేనన్నాడు. పిచ్చోడు, నమ్మేశాడనుకున్నాను.

ఆ సెలవులంతా ఇంట్లోనే ఒక్కడినే ఆడుకున్నాను. వాడొచ్చి పిలిస్తే "రేపొస్తాలే" అనేవాడిని.

బడి తెరిచే ముందురోజు వాళ్లమ్మ ఎదురుపడింది. "ఏమప్పా, మా ఇంటికి రావడమే మానేసినావే? కువైట్‌దానికి ఒకటే రిమోటంట. నీదానికైతే రెండుండాయి, ఇద్దరం ఆడుకోవచ్చనే కదా మావాడు మార్చుకునిండేది."

తల దించుకుని ఆమె వెంటే వెళ్లాను. యూసఫ్ పక్కకు జరిగి నాకు చోటిచ్చి, రెండో రిమోట్ చేతిలో పెట్టాడు. నేను ఇచ్చేటప్పుడు దాని వైరుకు చుట్టిన రబ్బరు బ్యాండు ఇంకా అలాగే ఉంది. దాన్ని విప్పడానికి నాకు చెయ్యి రాలేదు.