ముందుగా చెప్పిన సాక్ష్యం

వాట్‌గంజ్ తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ జెఫ్రీ లేచి నిలబడి, పార్సిల్ కంపెనీలో తనను హబ్‌కి ఇన్‌చార్జిని చేసినందుకు దేవునికి స్తోత్రం చెప్పాడు. దేవుడు చేశాడో లేదో గానీ కంపెనీ ఇంకా చెయ్యలేదు. ఇంటర్వ్యూ బుధవారం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. జెఫ్రీది క్రైస్తవ కుటుంబం కాబట్టి ఆ కొడుక్కి సొలొమోను అని పెట్టుకున్నాడు, అంతే తేడా.

నిజానికి అతను ముందు తల్లి రోజమ్మతో 'దాదాపు ఖాయమే' అన్నాడు. ఆవిడ ఆ దాదాపుని ఇంట్లోనే వదిలేసి, ఖాయాన్ని మాత్రం వీధంతా పంచి వచ్చింది. ఆదివారం అందరూ తనకేసే చూస్తుంటే జెఫ్రీకి కూర్చోబుద్ధి కాలేదు, లేచి సాక్ష్యం చెప్పేశాడు. ముందు వరుసలోంచి ఫోర్‌మన్ దయారత్నం తాతయ్య, రేవులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఇన్‌చార్జి పోస్టు మీద జెఫ్రీకి అంత ఆశ ఎందుకంటే, ఇన్‌చార్జికి కుర్చీ ఉంటుంది. జెఫ్రీ డ్యూటీలో కూర్చునేది బైకు మీద మాత్రమే. బైకు తనది, పెట్రోలు తనది, వానలో తడిసే ఒళ్లూ తనదే. పార్సిల్ తడిస్తే కోత పడే జీతం కూడా తనదే. ఆదివారం సెలవుండదు గనక యూనిఫాంతోనే ఆరాధనకొచ్చి, బ్యాగు చెప్పుల పక్కన పెడతాడు. ఇన్‌చార్జి అయితే పీఎఫ్, వారానికో సెలవు, నెత్తి మీద ఫ్యాను. ఆ ఫ్యాను కింద తన పొట్ట ఎంత హుందాగా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు.

ఆ పొట్టే కొంప ముంచింది. బుధవారం సాల్ట్ లేక్ ఆఫీసులో ఇంటర్వ్యూ చేసే మేనేజరు రఘురాం తెలంగాణ వాడని తెలిసి, తెలుగువాడే కదా, సగం గెలిచేశాననుకున్నాడు జెఫ్రీ. రఘురాం కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. పార్సిల్ అందినట్టు రుజువుగా గుమ్మం దగ్గర ఫోటో తియ్యాలని రూలు. జెఫ్రీ ఫోటోల్లో గుమ్మాల్లేవు. అతను తిరిగే భవానీపూర్ పాత ఇళ్లకు లిఫ్టులుండవు. పై అంతస్తుల మాషీమాలు, అంటే బెంగాలీ పెద్దమ్మలు, కూరలవాడి కోసం తాడు కట్టిన సంచిని వరండాలోంచి కిందికి వదులుతుంటారు. జెఫ్రీ పార్సిల్ అందులో వేసి, అది పైకి వెళ్తుండగా ఫోటో తీసుకుని బండెక్కేస్తాడు.

“ఇదేంది జెఫ్రీ, నీ పార్సిళ్లన్నీ గాల్లనే ఉన్నయ్?” అన్నాడు రఘురాం.

పాపం మాషీమాలకు మోకాళ్ల నొప్పులని జెఫ్రీ చెప్పబోయాడు. తను మెట్లెక్కి గుమ్మానికి వెళ్తే వాళ్ల మోకాళ్లకు వచ్చే కష్టమేమిటో అతనికే తోచలేదు. రఘురాం చూపు పొట్ట మీద ఆగేసరికి ఆ మాట మింగేశాడు. రూలు నేర్పాల్సినవాడే రూలు తప్పితే ఎట్లా అని రఘురాం మర్యాదగానే చెప్పి, పోస్టు ఇంకొకరికిచ్చాడు.

జెఫ్రీ ఆ సంగతి ఇంట్లో చెప్పలేకపోయాడు. ఆదివారం చర్చిలో చూస్తే రోజమ్మ ఒళ్లో సందేశ్ మిఠాయి డబ్బా ఉంది, ఆరాధనయ్యాక అందరికీ పంచడానికి. డబ్బా తెరవకముందే చెప్పెయ్యాలని సాక్ష్యాల వేళ మళ్లీ లేచాడు.

“నాకు ఆ పోస్టు రానేదు. మెట్లెక్కడానికి బద్ధకించీవోడికి కుర్చీ ఎవడిస్తాడు? దేవుడి పేరెట్టి నానే ముందు కూసీసినాను.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రోజమ్మ తల దించుకుంది. తన పరువు పోతే పోయింది గానీ, అమ్మ తల దించుకోవడం చూసి జెఫ్రీకి ఏడుపొచ్చింది.

దయారత్నం తాతయ్య కర్ర ఊతంతో మెల్లగా లేచాడు.

“కూకోరా. నన్ను ఇన్నాళ్లూ ఫోర్‌మన్ అంటన్నారు కదా అందరూ. నాను మామూలు ఖలాసీగానే రిటైరైపోనాను. సాహెబు ఫోర్‌మన్ని సేస్తానన్నాడని ఇక్కడే నిలబడి సాక్ష్యం సెప్పీసినాను. అవ్వనేదని సెప్పడానికి మరి నోరు రానేదు.”

రోజమ్మ లేచి, డబ్బా మూత తీసి, మొదటి సందేశ్ తాతయ్య ముందు పెట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముందు ఇన్‌చార్జికి ఎట్టమ్మా.”

అప్పట్నుంచి వాట్‌గంజ్‌లో జెఫ్రీకి అదే పేరు. పిలిచినప్పుడల్లా పలుకుతాడు.