చివర్న ఉప్పు తగిలే కల్లు

బాపు పోయిన ఏడాదికి, సంవత్సరీకం రోజున, నాలుగు రకాల బీరు పట్టుకొని రామన్నపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. హైదరాబాదులో బీరు అక్కడికక్కడే తయారుచేసి అమ్మే చోట నా ఉద్యోగం. వచ్చినవాళ్లకు చిన్న గ్లాసుల్లో పోసి, ఏది ఎట్లా ఉంటుందో విడమరిచి చెప్పాలి. నా నాలుక మీద నాకు కాస్త పొగరు కూడా ఉంది. ఆ నాలుక అమ్మ ఇచ్చిందన్న సంగతి అక్కడ ఎవరికీ చెప్పను.

బాపు గీసిన కల్లును ఊరి బయట కల్లు మండువాలో కూర్చుని అమ్మింది అమ్మే. ఒక్క గుక్క తాగితే అది ఏ చెట్టుదో చెప్పేది. బాపు కల్లు పట్టే మట్టి లొట్లు తారుమారు చేసి పరీక్ష పెట్టేవాడు, ప్రతిసారీ ఓడిపోయేవాడు, ఓడిపోయినందుకు మురిసిపోయేవాడు. చెలక అంచున చౌడు నేలలో ఉన్న తాడు చెట్టు ఎక్కి, నడుముకు బిగించిన మోకు జారి బాపు పడి చనిపోయేదాకా ఆ ఆట నడిచింది. ఆ తర్వాత ఆ చెట్టు జోలికి ఎవరూ పోలేదు. మోకు ముట్టనని తమ్ముడి చేత అమ్మ ఒట్టు వేయించుకుంది. వాడు ఆటో నడుపుకుంటున్నాడు.

మధ్యాహ్నం బాపుకు విస్తరి వేసి, కూర, కల్లు, బీడీకట్ట పెట్టి మొక్కాం. కల్లు పక్క ఊరి నుంచి తెచ్చానన్నాడు తమ్ముడు. తిన్నాక వాకిట్లో కూర్చుని అమ్మ ముందు నా గ్లాసులు పేర్చాను. గోధుమ బీరు మగ్గిన అరటిపండు వాసన వస్తోందంది. నల్లది మాడిన జొన్నరొట్టెను నానబెట్టిన నీళ్లట. చేదుదాన్ని ఉమ్మేసి, దీనికి పైసలిచ్చేవాళ్లకు వేపాకు నూరి పోస్తే సరిపోతుంది కదా అని అడిగింది. నా ఉద్యోగం పరువు అక్కడే పోయింది. పుల్లదానికి మాత్రం తలూపింది. పొద్దెక్కినాక దించిన ఈతకల్లు లెక్క ఉందట. ఏడాది తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

నోటి రుచి మార్చుకోవడానికి తమ్ముడు తెచ్చిన కల్లు పోసుకుంది. కొంచెం నేల మీద శాక పోసి, ఒక గుక్క తాగి ఆగింది. మళ్లీ తాగింది. గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అంది.

"ఈతది కలిపిండ్రు గని, గిది మీ బాపు పడ్డ తాడుది. చివర్న ఉప్పు తగులుతాంది."

ఆ చెట్టును ఎవరూ గీయడం లేదని నేనన్నాను. తెల్లారగట్ల చెలక దిక్కు నుంచి మోకు చప్పుడు తనకు రోజూ వినిపిస్తోందని, ఎవరికీ చెప్పలేదని అమ్మ అంది. గొంతులో భయం లేదు. అది చూసి నాకే భయమేసింది. అమ్మ మతి చెడుతోందేమో అనిపించింది. తమ్ముడు లేచి, కిరాయి ఉందని ఆటో తీసుకొని వెళ్లిపోయాడు.

చెట్టు మీద ఏమీ లేదని చూసొచ్చి చెబుతానని అమ్మతో అని, పొద్దు వాలుతుండగా చెలకకు పోయాను. గాలి లేదు. పక్క తాళ్ల మీద ఒక్క ఆకు కూడా కదలడం లేదు. ఆ ఒక్క తాడు పైన మాత్రం కొత్త లొట్టి కట్టి ఉంది, మట్టల్లో గరగరమని చప్పుడు వస్తోంది. ఎదురెండకు తల ఎత్తితే ఏమీ కనబడలేదు. పైనుంచి ఎవరో దగ్గారు. పొడి దగ్గు, మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ దగ్గడం. అచ్చంగా బాపు దగ్గు. నేను ఇవేవీ నమ్మేవాణ్ణి కాను. అయినా నా నోట్లోంచి "బాపూ" అనే మాట వచ్చేసింది.

చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి కాళ్లు కనబడ్డాయి, ఆ తర్వాత మోకు, ఆ తర్వాత తమ్ముడు. ఆటో తుమ్మచెట్ల వెనక దాచి వచ్చాడట. ఆ చెట్టును వేరేవాళ్లు గీస్తామని అడుగుతున్నారని, చూడలేక తానే ఎక్కానని చెప్పాడు. అమ్మకు తెలియకుండా ఈతకల్లు కలిపాడట.

"బాపుకు పెట్టేటిది బాపు చెట్టుదే ఉండాలె అనిపించింది అన్నా."

కొట్టాలన్నంత కోపం వచ్చింది. పట్టుకొని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. అమ్మకు చెప్పేస్తానని మాత్రం అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర నా గ్లాసులు కడుగుతోంది. నా వెనకాల నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. అంగీ గుండీల సందున, చెట్టు రాసుకుని వాడి రొమ్ము ఎర్రగా కమిలి ఉంది. అమ్మ చూపు అక్కడే చాలాసేపు నిలిచింది. చెట్టు మీద ఎవరున్నారని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే తడిచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీ బాపే ఉన్నడని చెప్పు బిడ్డా. ఆయనైతే మళ్ల పడడు."