ఎండబెట్టిన దోనె

"దోనెలోకి నీళ్ళొత్తన్నాయే, సూత్తన్నావా?"

"సూడకేటి? ముంతతో తోడుతున్నది నేను కాదేటి?"

"ఎండలో పెట్టొద్దని ఆ పెద్దాయన సెప్తే యిన్నావా? మా సముద్రం కాడ పడవలు ఒడ్డునే ఆరబెడతారని పెద్ద సదువు సదివీసినట్టు సెప్పినావు."

"నేను సెప్తే మాత్రం మీ బుద్ధేటైపోయింది? ఇద్దరం కలిసే కదండీ లాగినాం!"

"నోరు ముయ్యి. బేగి తోడు."

శబరి నది మధ్యలో నేనూ మా ఆయనా ఇలా అరుచుకుంటున్నాం. పొద్దు ఇంకా వాలలేదు. నాకు ఈత రాదు. ఆయనకి వచ్చు గాని, మనిషిని మోసుకుని ఈదేటంత రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అది పెళ్ళయిన నాలుగో ఏడు. ఏజెన్సీలో దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగి, సంతలు మళ్ళీ నిండుతున్న రోజులు. పూసలు, దువ్వెనలు, చేతి అద్దాలు రేకుపెట్టెలో సర్దుకుని సంత సంతకీ తిరిగేవాళ్ళం. బాట ఉన్నచోట సైకిలు. ఆయన తొక్కేవారు, నేను వెనకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎత్తు వస్తే దిగి తోసేదాన్ని. ఏరు వస్తే దోనె. ఒకే మానుని తొలిచిన దోనె, ఇద్దరికే చోటు. సైకిలుని మా ఇద్దరి మధ్యా పడుకోబెట్టేవాళ్ళం. నా పుట్టింటివాళ్ళు పెట్టిన చేతి మురుగులు అమ్మి కొన్న సైకిలు అది. బురద అంటితే నా చెంగుతోనే తుడిచేదాన్ని.

అంతకి ఐదు రోజుల ముందు చింతూరు సంతకని రేవులో దిగాం. అక్కడి పల్లెలో ఉండే కోయ పెద్దాయన మేం దిగీ దిగగానే మా దోనెలో రాళ్ళు నింపి ఏట్లో ముంచేశాడు. "ఎండ తగిలితే మాను పగిలిపోద్ది. నీళ్ళలో సల్లగుంటది" అన్నాడు. పెద్దాయన అటు వెళ్ళగానే మా ఆయన చేత రాళ్ళు తీయించాను, ఇద్దరం దోనెని ఇసక మీదికి లాగి బోర్లా వేశాం. నీళ్ళలో నానితే కర్ర కుళ్ళదా? మేం పుట్టి పెరిగిన సముద్రం ఒడ్డున పడవల్ని పైకి లాగే ఉంచుతారు. నాకు తెలిసింది అదే. అది వైశాఖమాసం ఎండ.

చుట్టుపక్కల సంతలు కూడా చూసుకుని రేవుకి తిరిగొచ్చేసరికి దోనె అడుగున వెంట్రుకవాసి చీలిక. "నీళ్ళు తగిల్తే అదే పూడుకుంటాదిలెండి" అన్నాను. ఏరు సగం దాటేసరికి అందులో వేలు పడుతోంది. చెంగు చింపి కుక్కాను. నీళ్ళు నెట్టేశాయి.

ఎదర ఇసక తిప్ప ఉంది. దాని కొసన రెండు మొసళ్ళు పడుకుని ఉన్నాయి. మేం చూస్తుండగానే ఒకటి నీళ్ళలోకి జారింది. చప్పుడు లేదు. ఎటు పోయిందో తెలీలేదు. నేను ఇంకా జోరుగా తోడాను.

"సైకిలు తోసీ" అన్నారాయన.

"తొయ్యను. పెట్టె తోసీండి."

"పెట్టె ఏపాటి బరువే? ఆ ఇనుము మనల్ని ముంచీత్తాది."

"అవి నా మురుగులు!"

"మొసలికి తొడుగుతావేటే మురుగులు?"

దోనె అంచుకీ ఏటికీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంది. హేండిలు పట్టుకుని నేనే ఎత్తాను. ముందు చక్రం తిరుగుతూ మునిగింది. గంట కాసేపు మెరిసింది, తరవాత అదీ లేదు. దోనె వేలు మందాన పైకి లేచింది. ఆయన తెడ్డు వేశారు.

తిప్ప మీద దిగి, ఆయన తెడ్డుతో ఇసకని బాదితే రెండో మొసలీ నీళ్ళలోకి పోయింది. ఇసక మీదున్నంతసేపూ అదెక్కడుందో తెలిసేది. ఇప్పుడదీ లేదు. వీపుకి వీపు ఆనించి కూర్చున్నాం. ఎవరు ముందు నిద్రపోతారోనని ఒకరినొకరం మోచేత్తో పొడుచుకుంటూ తెల్లవార్చాం.

పొద్దున్నే రేవులోంచి మమ్మల్ని చూసి పెద్దాయన తన దోనె వేసుకుని వచ్చాడు. మమ్మల్ని ఎక్కించుకుని, మా దోనెని వెనకాల కట్టుకుని రేవుకి చేర్చాడు. తిట్టలేదు. "పది దినాలు నాననీ. ఆనక సీలికకి గుగ్గిలం పూస్తా" అని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఒక రాయి తెచ్చి దోనెలో పెట్టాను. మా ఆయన ఇంకొకటి తెచ్చారు. దోనె మునిగాక పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాం.