శంకరవ్వ కలిపిన దోస్తులు

తంగళ్ళపల్లి బాలవాడిలో శంకరవ్వ చేసే అసలు పనికి సర్కారు కాగితాల్లో పేరు లేదు. కాగితాల ప్రకారం ఆమె పిల్లలకు ఉప్మా వండిపెట్టాలి, అ ఆలు దిద్దించాలి, మధ్యాహ్నం పడుకోబెట్టాలి. ఇవన్నీ ఆమె అంతంతమాత్రంగానే చేసేది. ఉప్మాలో ఉప్పు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండేది కాదు. కానీ తల్లి కొంగు వదలని పిల్లో, ఎవరితోనూ కలవక గోడకు అతుక్కుపోయిన పిలగాడో కంటబడితే మాత్రం ఆమె ఊరుకునేది కాదు. వారం తిరిగేసరికి ఆ పిల్లకో జంటను కుదిర్చేది. సంబంధాలు కుదిర్చేవాళ్ళకు కూడా ఇంత ఓపిక ఉండదని భర్త దశరథం ఎగతాళి చేసేవాడు.

దశరథం మానేరు దాటి సిరిసిల్లకు పోయి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసేవాడు. అక్కడ పనికిరాదని పడేసిన నూలు చిలపలను, అంటే నూలు చుట్టలను, శంకరవ్వ అడిగి తెప్పించుకునేది. మాటా పలుకూ లేని ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి రెండు చేతులకూ చిలప తగిలించి, రెండోవాళ్ళను ఉండ చుట్టమనేది. ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. చేతులు చాపిన పిల్ల పక్కకు చూసిందా, నూలు చిక్కుపడేది. అందుకని ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పేది కాదు. నేతపని చేసే సాలోళ్ళ ఇళ్ళలో తల్లీబిడ్డలు రోజూ చేసే పనే ఇది. దానితో దోస్తాన కలపొచ్చని ఆమెకు తట్టింది, అంతే. ఆ తట్టడం కూడా తన చిన్నప్పుడు సమ్మవ్వతో కూర్చుని చుట్టిన రోజులను తలచుకుంటేనే.

సమ్మవ్వ కల్లుగీసే గౌండ్లోళ్ళ పిల్ల. ఏడేళ్ళ వయసు నుంచి ఇద్దరూ ఒకే ఊళ్ళో పెరిగారు, ఒకే ఊళ్ళో మనువాడారు. ఒకరి ఇంట్లో వండిన కూర రెండో ఇంటికి చేరకుండా పొద్దు గూకేది కాదు. అలాంటి సమ్మవ్వ గడప తొక్కక శంకరవ్వకు రెండేళ్ళయింది.

ఆ కథ చెప్పాలంటే ఆ కాలం సంగతి చెప్పాలి. అన్నలు, అంటే నక్సలైట్లు, ఒకవైపు, పోలీసులు ఒకవైపు. ఎవరేమడిగినా ఎర్కలేదనడం ఊరికి అలవాటైపోయింది. కరీంనగర్ బస్సు పోయిందా అని అడిగినా ముందు ఆ మాటే వచ్చేది, తర్వాతే బుర్ర పనిచేసేది. పెద్దలను చూసి పిల్లలూ నోళ్ళు కుట్టేసుకున్నారు. ఆ రోజుల్లోనే సమ్మవ్వ కొడుకు యాదగిరి అన్నల్లో కలిశాడు. వారం తర్వాత బాలవాడి ముందు జీపు ఆగింది.

"సమ్మవ్వ తెలుసా నీకు?" అని ఒక పోలీసాయన శంకరవ్వను అడిగాడు.

"ఎర్కలేదు సార్."

అనేశాక తల తిప్పి చూస్తే, పది అడుగుల దూరంలో బోరింగు దగ్గర బిందె పట్టుకొని సమ్మవ్వ నిలబడి ఉంది. సమ్మవ్వ బిందె కింద పెట్టి, కొంగు సర్దుకొని, "నేనే సార్ సమ్మవ్వను. పాండ్రి," అని ముందు నడిచింది. రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి పంపారు.

సమ్మవ్వ తిరిగొచ్చిన నాడే శంకరవ్వ పోవాల్సింది. భయమేసి ఆగింది. మర్నాడు పోదామంటే ముఖం చెల్లలేదు. మూడో రోజు భయమూ సిగ్గూ రెండూ కలిశాయి. అలా రోజులు పేరుకుపోయాయి. వీధిలో ఎదురైతే ఇద్దరూ చెరో పక్కకు చూసుకునేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, శంకరవ్వ పక్కకు తిరిగేది, సమ్మవ్వ మాత్రం సూటిగానే చూసేది.

ఎండాకాలం పోయాక ఒక పొద్దున బాలవాడి గుమ్మంలో అయిదేళ్ళ పిల్ల ఒంటరిగా వచ్చి నిలబడింది. యాదగిరి బిడ్డ సుమిత్ర. తల్లి కాన్పులో పోయింది, నాయనమ్మే సాకుతోంది. ఆ పిల్ల చాప మీద కూర్చోగానే మిగతా పిల్లలు జరిగిపోయారు. ఇళ్ళలో పెద్దలు చెప్పిపెట్టారు మరి. పట్టుమని నాలుగేళ్ళు లేని బుడ్డోడు కూడా తన పలకను అవతలికి లాక్కున్నాడు.

పదిహేను రోజులు చూసింది. సుమిత్ర ఏడవలేదు, నవ్వలేదు, నీళ్ళు కావాలని కూడా అడగలేదు. ఇక లాభం లేదని రాజవ్వ బిడ్డ అండాలును ఎదురుగా కూర్చోబెట్టి, సుమిత్ర చేతులకు చిలప వేసింది. అండాలు గడుగ్గాయి. ఇంట్లో చెప్పిన భయం కంటే నూలు ఉండ మీద ఆశే దానికి ఎక్కువ. మొదటి రోజు మాట లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు నూలు చిక్కుపడింది.

"చేతులు దించకు పిల్లా!" అని అండాలు కసిరింది.

"నొస్తున్నయి," అంది సుమిత్ర.

శంకరవ్వ పొయ్యి దగ్గర గరిటె తిప్పడం ఆపి నిలబడింది. అండాలు ఒక్క క్షణం ఆలోచించి, "గట్లనా? నాకియ్యి మరి. నువ్వు చుట్టు," అని చేతులు చాపింది. ఆ రోజు ఉప్మా అడుగంటింది. పిల్లలు తినలేకపోయారు, శంకరవ్వ మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

నెల తిరక్కుండానే సంగతి రాజవ్వ చెవిన పడింది. ఆమె బాలవాడి మీదికి గాలివానలా వచ్చింది.

"నా బిడ్డను ఆ పోరి పక్కన కూసోవెడ్తవా? రేపు జీపు మా ఇంటిముందల ఆగితే ఎవలు జవాబు చెప్తరు?"

"అయిదేండ్ల పోరి రాజవ్వా. గది జేసిన పాపమేంది?"

"పాపం పుణ్యం నాకు జెప్పకు. నువ్వు పోతున్నవా సమ్మవ్వ ఇంటికి? దోస్తువు నువ్వే పోవు, నా బిడ్డెందుకు పోవాలె?"

రాజవ్వే కాసేపటికి చల్లబడి, ఆ మూలన అండాలూ సుమిత్రా ఒకే పలక మీద తలలు ఆనించి ఏదో గీస్తూ నవ్వుకోవడం చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. బిడ్డను మాన్పించలేదు. కానీ దోస్తువు నువ్వే పోవన్న మాట శంకరవ్వను వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం పిల్లలు పడుకోగానే వాళ్ళను నీళ్ళు తెచ్చే ఆయాకు అప్పజెప్పి, నలుగురూ చూస్తుండగానే సమ్మవ్వ ఇంటికి నడిచింది.

సమ్మవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తల ఎత్తి చూసింది. చేతులు ఆగిపోయాయి.

"సమ్మీ, ఆనాడు నేను..."

"గడప దాటకు. ఆడనే నిలవడు."

శంకరవ్వ నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది, జుట్టు పట్టుకున్నా బాగుండేది.

"ఆనాటి మాట ఇడిశిపెట్టు," అంది సమ్మవ్వ. "నువ్వు నా ఇంటికి అస్తున్నవని సార్లకు తెలిస్తే నీ నౌకరి పోతది. బాలవాడికి ఇంకెవలో అస్తరు. గా అచ్చినామె నా మనుమరాలిని చాప మీద కూసోనిస్తదా? దానికి ఇప్పుడే ఒక దోస్తు దొరికింది. దాన్ని చెడగొట్టకు. నువ్వు మల్ల రాకు."

"మరి మనం?"

సమ్మవ్వ బీడీ ఆకు తడిపింది, మళ్ళీ పక్కన పెట్టింది. "పోరి నవ్వుతదా ఆడ?" అని అడిగింది. "ఇంట్ల నోరు ఇప్పది."

శంకరవ్వ గడప బయట నిలబడే చెప్పింది. అండాలుతో జగడమాడిన సంగతి, అలిగి పప్పు తినని సంగతి, నిన్న కప్పలా గెంతి అందరినీ నవ్వించిన సంగతి. సమ్మవ్వ కన్నార్పకుండా వింది. అన్నీ అయిపోయాక, "ఇగ పో," అంది.

శంకరవ్వ సమ్మవ్వ మాట జవదాటలేదు, మళ్ళీ ఆ గడపకు పోలేదు. ఆ పిల్లలిద్దరూ బాలవాడి నుంచి బడికి, బడి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒక చోటే బతుకమ్మ ఆడారు, ఒక చోటే పరీక్షలు రాశారు. రాజవ్వ ఇంట్లో సుమిత్రకు కంచం పెట్టని రోజు లేదు. ఈ లోపల యాదగిరి తిరిగి రాలేదు. జీపులు రావడం తగ్గింది, ఊళ్ళో నోళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. ఇప్పుడు ఎవరు ఎవరింటికి పోయినా అడిగేవాళ్ళు లేరు. అయినా శంకరవ్వ కాళ్ళు ఆ సందు మొదట్లోకి పోయి ఆగిపోయేవి. నౌకరి భయం పోయింది, సార్ల భయం పోయింది. పదమూడేళ్ళుగా రాకపోకలు లేకపోవడం మాత్రం అడ్డంగా నిలబడింది.

సుమిత్రను కోరుట్లకు ఇచ్చారు. మనుమరాలు కాన్పయ్యాక సమ్మవ్వ బాలింతను చూసుకోవడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తాళం పడిన ఆ ఇంటిని చూసినప్పుడు శంకరవ్వకు తెలిసింది, ఇన్నేళ్ళూ తను ఆ పొయ్యి పొగను చూసుకొని బతికిందని.

అండాలు నెలకోసారి కోరుట్ల పోయి సుమిత్రను చూసొచ్చేది. వచ్చిన రోజు శంకరవ్వ ఆమె ఇంటి అరుగు మీద ముందే కూర్చుని ఉండేది.

"సమ్మవ్వ నన్ను అడిగిందా?"

"అడిగింది పెద్దవ్వా. మంచిగుందా అన్నది."

"గంతేనా? ఎట్ల అడిగింది? గవే మాటలు జెప్పు."

అండాలు చెప్పేది. శంకరవ్వ ఇంకోసారి చెప్పించుకునేది. ఒకరోజు అండాలుకు విసుగొచ్చింది.

"బస్సెక్కితే పూటల పోతవు. నువ్వే పోయి మాట్లాడరాదు? ఊర్లె పోరగాండ్లందరిని కలిపినవు, నీకు రాదా?"

శంకరవ్వ ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి, అయిదేళ్ళ పిల్లలా అడిగింది.

"నువ్వన్న జెప్పు బిడ్డా. పోయినంక, మొదాలు ఏమనాలె?"