గొంతులో గడ్డ

నేను బడిపంతులమ్మని. గొంతునొప్పి నాకు కొత్త కాదు. అందుకే ఈసారీ ఉప్పునీళ్లు పుక్కిలించి, మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుని, మూడు రోజులు బడికి వెళ్లాను. నాలుగో రోజు పొద్దున లేచేసరికి నోరు వేలెడు సందుకు మించి తెరుచుకోలేదు. ఉమ్ము మింగితే కుడి చెవిలో సూది దిగినట్టుంది. మింగలేక తువ్వాల్లోకి వదిలేస్తున్నాను.

మా ఆయన రొయ్యల మేత కోసం భీమవరం వెళ్లారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ.

"ఏమైందే?" అని ఆవిడ అడిగితే జవాబు చెప్పబోయాను. నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది గొంతు. ఆవిడ మొహం మారిపోయింది.

"చెప్పులేసుకో. బందరెళ్దాం."

ఆయన వచ్చాక వెళ్దామని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడకి చదువు రాదన్న సంగతి రాశాక గుర్తొచ్చింది. ఆవిడ కాగితం పక్కన పడేసి ఆటో పిలిచింది.

నాగాయలంక దాటాక ఊపిరి బరువైంది. వెనక్కి వాలితే గొంతు మూసుకుపోతున్నట్టుంది. పులిగడ్డ వంతెన మీద ఏదో లారీ ఆగిపోయి బళ్లన్నీ నిలిచిపోయాయి. అత్తగారు సగం దిగి అరిచింది: "బాబూ, పిల్లకి ఊపిరాడట్లేదయ్యా, కాస్త దారివ్వండయ్యా!" తర్వాత నా వీపు మీద చెయ్యేసింది. "ముందుకి వంగి కూర్చో. భయపడకు. మా చెల్లి కూడా ఇలాగే..." అని ఆగిపోయింది. నాకు ఇంకా భయమేసింది.

బందరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు లైటు వేసి చూశారు. "టాన్సిల్ పక్కన చీము గడ్డ కట్టిందమ్మా. ఇప్పుడే తీసేయాలి. ఇంకో పూట ఆగుంటే కష్టమయ్యేది."

నర్సు వేరే గదిలో ఉంది. ట్రే అత్తగారే పట్టుకుంది. కత్తి మొన తగలగానే నోరంతా చీము, నెత్తురు. ఆవిడ చెయ్యి కదల్లేదు. పది నిమిషాలకి గ్లాసుడు నీళ్లు మింగగలిగాను. ఏడ్చేశాను.

వార్డులో సెలైను ఎక్కుతుంటే మిగతాది చెప్పింది. చెల్లెలికి పన్నెండేళ్లట. గొంతునొప్పే కదా, అదే తగ్గుతుందిలే అని ఇంట్లో వాళ్లు రెండు రోజులు ఆగారట.

"అప్పుడు నాకు తెలీలేదమ్మా" అంది, నా కాళ్ల మీద దుప్పటి సర్దుతూ.